కారు తాళం ఒక్కటే చేతికొస్తే చాలదు

మన ఊళ్ళలో ఆడవాళ్ళు కారు నడపడం ఇప్పుడు వింతేం కాదు. ద్రాక్షారామం నుంచి రామచంద్రపురానికీ, కాకినాడకీ పిల్లల్ని తీసుకెళ్ళే తల్లులు మా వీధిలోనే ఉన్నారు. కానీ బండి మొరాయించిందంటే చాలు, "ఏవండీ, కారు స్టార్టవడం లేదు!" అని ఫోను. స్టీరింగు మనం పట్టుకున్నా బానెట్‌ని మాత్రం మగవాళ్ళకే వదిలేశాం. ఇది నాకు నచ్చదు.

మిక్సీ తిరక్కపోతే ఏం చేస్తాం? ముందు కరెంటుందో లేదో చూస్తాం. ప్లగ్గు కదుపుతాం. తర్వాత అడుగునున్న ఎర్ర బటన్ నొక్కుతాం. అంతేగానీ, మోటారు కాలిపోయిందని అప్పటికప్పుడు కొత్తది కొనుక్కురాం కదా! కారులో కరెంటు పనీ ఇదే వరస. కరెంటు ఎందాకా వచ్చింది, ఎక్కడ ఆగింది? అంతే ప్రశ్న.

తాళం తిప్పితే టకటకమని, లైట్లు మసకబారాయా? బ్యాటరీలో చార్జి తగ్గి ఉండాలి, లేదా టెర్మినళ్ళు వదులై ఉండాలి. లైట్లు బాగానే వెలుగుతూ ఇంజను తిరక్కపోతే స్టార్టరు వైపు అనుమానించాలి. హారనో, వైపరో ఒక్కటే పనిచేయకపోతే ముందు ఫ్యూజు చూడాలి. పోయిన ఫ్యూజు ఎన్ని ఆంపియర్లదో అంతదే వేయాలి. 10 బదులు 20 వేసినా, తీగముక్క చుట్టినా వైరింగే అంటుకోవచ్చు.

కొన్ని వందలు పెడితే మల్టీమీటరు వస్తుంది. బండి ఆపి కొన్ని గంటలయ్యాక మంచి బ్యాటరీ 12.6 వోల్టుల దాకా చూపిస్తుంది. ఇంజను నడుస్తుంటే మామూలుగా 14 దగ్గరకి పెరగాలి. పెరగలేదంటే ఆల్టర్నేటరు సరిగా చార్జి చేయడం లేదన్నమాట. అప్పుడు కొత్త బ్యాటరీ వేసినా మళ్ళీ దిగిపోతుంది.

మొన్న కార్తీకమాసంలో భీమేశ్వరస్వామి గుడి దగ్గర మా ఎదురింటి పిన్నిగారి కారు ఆగిపోయింది. "ఆయ్, బ్యాటరీ పోయిందండి, కొత్తది వేయించాల్సిందే" అన్నాడొక మెకానిక్కు. అంటే వేలల్లో ఖర్చు. పిన్నిగారి కోడలు బానెట్ ఎత్తి చూసింది. టెర్మినల్ మీద తెల్లగా పొడి పేరుకుని ఉంది. మైనస్ వైరు ముందు విప్పి, రెండు టెర్మినళ్ళూ శుభ్రంగా గీకి, మైనస్‌ని ఆఖర్న బిగించింది. అలా చేస్తే ప్లస్ విప్పేటప్పుడు స్పానరు బండి బాడీకి తగిలినా నిప్పురవ్వలు రావు. కారు కదిలింది!

ఇదేం కొత్త విద్య కూడా కాదు. 1888లో జర్మనీలో బెర్తా బెంజ్ భర్తకి చెప్పకుండా, ఇద్దరు కొడుకుల్ని వెంటబెట్టుకుని మాన్‌హైమ్ నుంచి ఫోర్‌జ్‌హైమ్‌కి దాదాపు 100 కిలోమీటర్లు కారులో వెళ్ళింది. లోకంలో మొట్టమొదటి దూరప్రయాణపు కారు అదే. దారిలో ఇంధనపు గొట్టం పూడుకుపోతే టోపీ పిన్నుతో పొడిచింది. ఇగ్నిషన్ వైరు ఒరుసుకుపోతే తన మేజోడు పట్టీయే చుట్టింది!

మెకానిక్కుల పొట్ట కొట్టమని నేననడం లేదు. ఎయిర్‌బ్యాగ్ వైర్లూ, ఎలక్ట్రిక్ కార్లలో నారింజరంగు కేబుళ్ళూ మనం ముట్టుకోకూడదు. వాటికి తెలిసినవాళ్ళే రావాలి. కానీ జబ్బేమిటో కాస్త తెలిసి డాక్టరు దగ్గరకెళ్ళడం వేరు, ఏం చెబితే దానికి తలూపడం వేరు. చీకటిపడ్డాక చేలగట్టు రోడ్డు మీద ఒంటరిగా ఆగిపోయిన ఆడపిల్లకి ఆ తేడా ఏమిటో తెలుస్తుంది.

అమ్మాయికి డ్రైవింగు నేర్పిస్తున్నారా? లైసెన్సు కంటే ముందు ఫ్యూజు బాక్సు ఎక్కడుందో చూపించండి.