ఏకకాలతా వాచకాలు: అనువాదంలో అర్థభేద విస్మరణ

ఒకే సమయంలో జరిగేవాటిని చెప్పడానికి ఆంగ్లంలో సైమల్టేనియస్, కాన్‌కరెంట్, సింక్రానిక్, కాంటెంపరరీ వంటి పదాలు అనేకం ఉన్నాయి. వీటి మధ్య భేదాలు సూక్ష్మమైనవే గాని అప్రధానమైనవి కావు. తెలుగు అనువాదాల్లో మాత్రం ఇవి తరచుగా ‘ఏకకాలంలో’, ‘ఒకేసారి’, ‘సమకాలీన’ అనే రెండు మూడు మాటల్లో కలిసిపోతున్నాయి. తెలుగు పదసంపద చాలకపోవడమే దీనికి కారణమన్న వాదం నిలిచేది కాదు. లోపం భాషది కాదు. ఆంగ్లపదానికి ఎదురుగా ఒక తెలుగు పదాన్ని నిలిపి, అంతటితో పని ముగిసిందనుకొనే పద్ధతిది.

భాషాశాస్త్రాన్నే తీసుకోవచ్చు. సొస్యూర్ ఉపన్యాసాల ఆధారంగా, ఆయన మరణానంతరం 1916లో వెలువడిన గ్రంథం సింక్రానిక్, డయాక్రానిక్ అనే విభజనకు ప్రాచుర్యం కల్పించింది. వీటిలో మొదటిది, కాలక్రమంలో వచ్చిన మార్పులను పక్కనపెట్టి ఒకానొక దశలోని భాషావ్యవస్థను పరిశీలించే దృష్టి. దాన్ని ‘సమకాలీన భాషాధ్యయనం’ అంటే నేటి భాషకే పరిమితమైనదన్న భ్రమ కలుగుతుంది. పదకొండో శతాబ్దికి చెందిన నన్నయ భాషనూ ఆ దృష్టితో పరిశీలించవచ్చు. నారాయణభట్టు నన్నయకు సమకాలీనుడు. నన్నయ భాషావ్యవస్థను అదే దశకు పరిమితమై వర్ణించే అధ్యయనం ఏకకాలికం. ఈ రెండు మాటలూ తెలుగులో ఉన్నవే. వాటిని కలిపేసినవారు పదదారిద్ర్యాన్ని నిందించడం సమంజసం కాదు.

న్యాయరంగంలో ఈ అలసత్వానికి మూల్యం ఎక్కువ. ఒక ముద్దాయికి ఒక నేరానికి ఐదేళ్లు, మరొక నేరానికి ఏడేళ్లు శిక్ష పడిందనుకుందాం. అవి కాన్‌కరెంట్‌గా నడిస్తే మొత్తం ఏడేళ్లు. ఒకదాని తరువాత ఒకటి నడిస్తే పన్నెండేళ్లు. ‘రెండు శిక్షలనూ ఒకేసారి అనుభవించాలి’ అన్న వాక్యం ఏది చెబుతున్నది? ‘ఒకేసారి’కి ‘ఒకే సమయంలో’ అనీ, ‘ఒక్క విడతగా’ అనీ రెండర్థాలున్నాయి. బాకీ ఒకేసారి తీర్చడమంటే విడతలు లేకుండా మొత్తం చెల్లించడమే. ఆ అర్థంలో చదివిన ఖైదీ కుటుంబానికి పన్నెండేళ్లే కనిపిస్తాయి. ఇదే కాన్‌కరెంట్ పదం రాజ్యాంగం ఏడో షెడ్యూలులో ‘ఉమ్మడి జాబితా’ అయింది. కేంద్రానికీ రాష్ట్రాలకూ శాసనాధికారం ఉన్న అంశాల జాబితా కనుక అక్కడ అది చక్కని అనువాదం. శిక్షల విషయంలో మాత్రం ‘ఉమ్మడి’ అర్థహీనం. పదం ఒక్కటే, సందర్భం మారితే తెలుగూ మారాలి.

ఇందుకు భిన్నమైన ఉదాహరణ ‘జమిలి ఎన్నికలు’. ఆంగ్లంలోని సైమల్టేనియస్‌కు బదులుగా పత్రికలు వాడుకలోకి తెచ్చిన ఈ మాటలో కాలవాచకమే లేదు. జంటగా కలపడం అన్న భావం ఉంది. రామ్‌నాథ్ కోవింద్ అధ్యక్షతన ఏర్పడిన కమిటీ 2024 మార్చిలో ఇచ్చిన నివేదిక, లోక్‌సభ, శాసనసభల ఎన్నికలు జరిగిన వంద రోజుల్లోగా స్థానిక సంస్థల ఎన్నికలు జరపాలని సూచించింది. వంద రోజుల ఎడం ఉన్నదాన్ని ‘ఏకకాలం’ అనడం కష్టం. ‘జమిలి’ అనడానికి అడ్డు లేదు. ఆంగ్లపదాన్ని కాక విషయాన్ని చూసినందువల్లనే ఈ మాట నిలిచింది.

పైగా తెలుగు ఈ భేదాలను పదాలతోనే కాక క్రియారూపాలతోనూ చెబుతుంది. ‘పాడుతూ నాట్లు వేసింది’ అన్నప్పుడు శత్రర్థకం రెండు పనులకూ కర్త ఒకరేనని తెలుపుతుంది. ‘వాన కురుస్తుండగా నాట్లు వేశారు’ అన్నప్పుడు కర్తలు వేరు. ఒక పని మరొకదానికి నేపథ్యం. ‘వాన కురవగానే’ అంటే ఏకకాలం కాదు, వెనువెంటనే. ‘జ్వరంతోపాటు దగ్గు’ అన్నది సాహచర్యం. వ్యాకరణ తరగతిలో బోధించే ఈ సూక్ష్మతలు అనువాద తరగతికి వచ్చేసరికి మరుగునపడటం విచారకరం.

శాస్త్రభాషకు వాక్యరూపం చాలదు, స్థిరమైన పారిభాషిక పదం కావాలన్న ఆక్షేపణ న్యాయమైనదే. కాని స్థిరత్వమంటే ఒక శాస్త్రంలో ఒక భావనకు ఒక పదం ఉండటం. ఒక ఆంగ్లపదానికి అన్ని శాస్త్రాల్లోనూ ఒకే పదం ఉండటం కాదు. పారిభాషిక పదకోశాలు ప్రతి ఆరోపానికీ రంగాన్ని పేర్కొని, కనీసం ఒక ఉదాహరణ వాక్యం ఇవ్వాలి. ఆ బాధ్యత తెలుగు శాఖలదే. ఏడేళ్లకూ పన్నెండేళ్లకూ మధ్య ఉన్న తేడాను చెప్పలేని పదం ఎంత శిష్టమైనదైనా పారిభాషికం కాజాలదు.