నీటి అంచున ఒక సంతకం

2020 జనవరి 11వ తేదీ, శనివారం. కొచ్చి నగర శివారైన మరడులో ఆనాటి ఉదయం దుకాణాలు తెరవలేదు. వంతెనల మీద రాకపోకలు ఆగిపోయినవి. చుట్టుపక్కల ఇళ్ళవారిని అధికారులు ముందుగానే ఖాళీ చేయించారు. దూరాన మేడల మీద, గట్ల మీద జనం గుంపులు గుంపులుగా నిలిచి ఒకే దిక్కుకు చూస్తున్నారు. పదకొండు గంటలు దాటిన తరువాత సైరను మోగింది. మరుక్షణం హోలీ ఫెయిత్ హెచ్‌టూఓ అనే 19 అంతస్తుల భవనం నిలుచున్నచోటనే కూలి, దుమ్ములో కలిసిపోయినది. కొద్దిసేపటికే ఆల్ఫా సెరీన్ జంట భవనాలు నేలకొరిగినవి. మరునాడు జెయిన్స్ కోరల్ కోవ్, ఆ పిమ్మట గోల్డెన్ కాయలోరం అదే దారి పట్టినవి.

రెండు రోజులలో 300కు పైగా కాపురాలకు ఉద్దేశించిన ఇళ్ళు శిథిలాల కుప్పలైనవి. ఆ శిథిలాలు 70 వేల టన్నులకు మించినవి. భూకంపం రాలేదు, తుపాను రాలేదు. ఆ భవనాలలో నిర్మాణ లోపమున్నదని ఎవరూ అనలేదు. లోపమల్లా అవి నిలుచున్న చోటులో ఉన్నది. అంతకంటె ముందు, ఆ చోట కట్టవచ్చునని పెట్టిన సంతకంలో ఉన్నది.

మలయాళంలో కాయల్ అంటే సముద్రంతో సంబంధమున్న ఉప్పునీటి సరస్సు. ఓరం అంటే అంచు. మన ఓర వంటి మాటయే. కాయలోరం అని పేరు పెట్టుకొన్న భవనం తానెక్కడ ఉన్నదో తానే చెప్పుకొన్నది. ఆ సంగతి చూడవలసినవారు మాత్రం సకాలంలో చూడలేదు.

సముద్రతీరాన్ని కాపాడవలెనన్న తలంపు ఈనాటిది కాదు. పోటు సమయాన నీరు చేరే రేఖ నుండి 500 మీటర్ల మేర కట్టడాలు లేకుండా చూడవలసిందని 1981లోనే నాటి ప్రధాని ఇందిరాగాంధీ తీరరాష్ట్రాల ముఖ్యమంత్రులకు లేఖ వ్రాశారు. 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టం వచ్చినది. ఆ చట్టం క్రింద 1991 ఫిబ్రవరి 19న కేంద్రప్రభుత్వం తీరప్రాంత నియంత్రణ మండలాలను నిర్ణయిస్తూ ప్రకటన వెలువరించినది. ఆ ప్రకటన తీరభూమిని తరగతులుగా విభజించినది. మడ అడవులు, ఆటుపోటుల మధ్య నుండే నేలలు మొదటి తరగతి. ఇదివరకే ఊరు కట్టుకుపోయిన తీరం రెండవది. అంతగా కట్టడాలు లేని గ్రామీణ తీరం మూడవది. ఈ మూడవ తరగతిలో సముద్రపు ఒడ్డున 200 మీటర్ల వరకు కొత్త నిర్మాణం కూడదు. ఆటుపోటులుండే నదులు, కాయళ్ళ ఒడ్డున 100 మీటర్లు గాని, ఆ జలాశయం వెడల్పు గాని, ఏది తక్కువైతే అంత దూరం విడిచిపెట్టవలెను.

అయితే ఢిల్లీలో వెలువడిన ప్రకటన మరడు గట్టు మీద అమలు కావలెనంటే నడుమ ఒక మనిషి ఉండవలెను. ఇల్లు కట్టదలచినవాడు దరఖాస్తు పెట్టేది కేంద్రప్రభుత్వానికి కాదు, స్థానిక పంచాయతీకి. స్థలం నియంత్రణ మండలంలో ఉన్నదా లేదా అని పటం విప్పి చూడవలసినది అక్కడనే. ఉన్న పక్షంలో దరఖాస్తును రాష్ట్ర తీరప్రాంత నిర్వహణ సంస్థకు పంపి, దాని సమ్మతి వచ్చిన పిమ్మటనే అనుమతి ఈయవలెను. ఈ గొలుసులో తొలి కొక్కెం పంచాయతీ కార్యాలయంలోని బల్ల. అది ఊడితే తక్కిన గొలుసు ఎంత గట్టిదైనా ప్రయోజనం లేదు.

2006లో మరడు ఇంకా పంచాయతీయే. ఆ సంవత్సరంలోనే ఈ భవనాలకు అనుమతులు లభించినవి. తీరప్రాంత సంస్థ సమ్మతి తీసుకోలేదు. 2007లో పంచాయతీయే మేలుకొని, అనుమతులను ఎందుకు రద్దు చేయరాదో చెప్పవలసిందని నోటీసులిచ్చినది. నిర్మాతలు హైకోర్టుకు వెళ్ళి నిలుపుదల ఉత్తర్వులు తెచ్చుకొన్నారు. వ్యాజ్యం ఒక ప్రక్క సాగుచుండగా మరొక ప్రక్క అంతస్తులు లేచినవి. 2010లో మరడు పురపాలక సంఘమైనది. హైకోర్టులో తీర్పులు నిర్మాతల పక్షాన వచ్చినవి. ఈలోగా ఇళ్ళు అమ్ముడుపోయినవి, రిజిస్ట్రేషన్లు జరిగినవి, బ్యాంకులు అప్పులిచ్చినవి, కాపురాలు వెలిసినవి. ఆ వ్యవహారాన్ని తీరప్రాంత సంస్థ సుప్రీంకోర్టుకు తీసుకొని వెళ్ళినది.

2019 మే 8న సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. అనుమతులిచ్చిన నాటికి అమలులో ఉన్న పటం ప్రకారం ఆ స్థలాలు మూడవ తరగతికి చెందినవి. తీరప్రాంత సంస్థ సమ్మతి లేక పంచాయతీ ఇచ్చిన అనుమతి చెల్లదు. ఒక నెలలోగా భవనాలను తొలగించవలెను. అంతకు ముందు ఏడు, 2018 ఆగస్టులో, కేరళను వరదలు ముంచెత్తి 400 మందికి పైగా ప్రాణాలు కోల్పోయిన సంగతి అప్పటికింకా అందరి కళ్ళయెదుటనే ఉన్నది. న్యాయస్థానం కూడ దానిని గుర్తుచేయక మానలేదు.

నీటి ఒడ్డున ఆ కొద్దిపాటి నేల కోసం ఇంత పట్టుదల ఎందుకని అడిగేవారున్నారు. కొచ్చికి దక్షిణంగా పరుచుకొన్న వెంబనాడ్ కాయల్‌లోకి పంబ, మీనచిల్, మూవాట్టుపుళ మొదలైన నదులు వచ్చి చేరుతవి. వానకాలంలో కొండల నుండి దిగే నీరు సముద్రంలో కలియుటకు ముందు కొంతకాలం నిలువ నీడ కోరుతుంది. ఆ నీడయే కాయల్, దాని చుట్టునున్న చిత్తడి నేల. అక్కడి మట్టి నీటిని పీల్చుకొని మెల్లగా విడుస్తుంది. మడచెట్ల వేళ్ళు గట్టును పట్టి ఉంచుతవి. రొయ్యపిల్లకు, చేపపిల్లకు అవే పురిటిళ్ళు. ఆ నేలను మట్టితో పూడ్చి కాంక్రీటు పరచిన యెడల నీరు మాయమైపోదు. ప్రక్కవాని వాకిట్లోకి పోతుంది. ఆ ప్రక్కవాడు సాధారణంగా వలవేసి బ్రతికేవాడు. మేడ మీదనున్నవానికి వరద ఒక దృశ్యం. క్రింద గుడిసెలోనున్నవానికి అది పొయ్యిలోకి వచ్చిన నీరు.

అయినను మరడు కథలో కంటతడి పెట్టించే భాగం ఇంకొకటి ఉన్నది. ఆ ఇళ్ళు కొన్నవారిలో జీవితమంతా కూడబెట్టిన సొమ్ము వెచ్చించినవారున్నారు. దస్తావేజు ఉన్నది, పన్ను రసీదు ఉన్నది, బ్యాంకు మదింపు ఉన్నది. ప్రభుత్వపు ముద్ర ఇన్ని కాగితాల మీద ఉండగా, అసలుండవలసిన ఒక్క కాగితం లేదని వారికెవరు చెప్పవలెను? 2019 సెప్టెంబరు చివరి వారంలో విద్యుత్తు, నీరు నిలిపివేశారు. సామానులు దింపుకొని ఒక్కొక్క కుటుంబమే వెళ్ళిపోయినది. ఒక్కొక్క ఇంటి యజమానికి తాత్కాలిక పరిహారంగా 25 లక్షల రూపాయలు రాష్ట్రప్రభుత్వం ముందుగా చెల్లించి, ఆ సొమ్మును నిర్మాతల నుండి రాబట్టవలెనని న్యాయస్థానం ఆదేశించినది. నష్టపరిహారం నిర్ణయించుటకు విశ్రాంత న్యాయమూర్తి బాలకృష్ణన్ నాయర్ అధ్యక్షతన ఒక సంఘమును కూడ నియమించినది. ఇవి న్యాయమైన ఉత్తర్వులే. కాని చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొనుట చేతులకు చల్లదనమేగాని రక్షణ కాదు.

నిబంధన కూడ ఒకచోట నిలిచి ఉండదు. నదుల ఒడ్డున 100 మీటర్ల హద్దును 50కి తగ్గిస్తూ కేంద్రం 1994లో చేసిన సవరణను సుప్రీంకోర్టు 1996లో కొట్టివేసినది. 2019 జనవరిలో వెలువడిన కొత్త తీరప్రకటనలో మూడవ తరగతి తీరంలోని ఆటుపోటు జలాల ఒడ్డుకు అదే 50 మీటర్ల మాట తిరిగి వచ్చినది. హద్దు తగ్గినకొలది పటమును చూచే కన్ను మరింత నిశితం కావలెను. ఏలనన, 100 మీటర్లలో పది మీటర్ల పొరపాటు పదవ వంతు. 50లో అది ఐదవ వంతు.

పరిశీలన స్థానికంగా జరుగుటయే తప్పని దీనినిబట్టి తలపరాదు. కేరళలోనే 2008లో వచ్చిన వరిపొలాల, చిత్తడి నేలల పరిరక్షణ చట్టం ఊరూరా ఒక పర్యవేక్షణ సంఘమును ఏర్పరచినది. స్థానిక సంస్థ అధ్యక్షుడు, వ్యవసాయాధికారి, గ్రామాధికారితోపాటు రైతు ప్రతినిధులకు కూడ అందులో స్థానమున్నది. సొంత ఇల్లు లేని రైతు తన పొలంలో ఇల్లు కట్టుకొనుటకు పంచాయతీలో పది సెంట్లు, పట్టణంలో ఐదు సెంట్లు మించకుండ ఆ చట్టం వెసులుబాటు ఇచ్చినది. ఏ మడిలో నీరు ఎన్నాళ్ళు నిలుస్తుందో పటం కంటె బాగుగా చెప్పగలవాడు ఆ ఊరి రైతు. అతని మాట దరఖాస్తు కట్టలో చేరుట మంచిదే. చెడుగు అంతా అతనిని అడుగకుండ సంతకం పెట్టుటలో ఉన్నది.

ఈ సమస్య తెలుగువారికి పరాయిది కాదు. వెంబనాడ్‌తోపాటు మన కొల్లేరు కూడ 2002లోనే రామ్సార్ అంతర్జాతీయ చిత్తడి నేలల పట్టికకెక్కినది. 2006లో ఆ సరస్సులో అక్రమపు చేపల చెరువుల గట్లను ప్రభుత్వం తెగగొట్టించవలసి వచ్చినది. 2024లో హైదరాబాదులో చెరువుల పరిధిలోని కట్టడాలను కూల్చినప్పుడు, కాగితాలు చేతబట్టుకొని రోదించినవారి ముఖాలలో మరడు కనిపించినది.

ఇల్లు కొనేవారు బేరమాడుటకు ముందు మూడు ప్రశ్నలు వేసుకొనుట మంచిది. పోటు రేఖకు గాని, చెరువు పూర్తి నీటిమట్టానికి గాని స్థలం ఎంత దూరం? ఆ దూరాన్ని చూపే ఆమోదిత పటం ఏది? స్థానిక సంస్థ అనుమతితోపాటు తీరప్రాంత సంస్థ సమ్మతిపత్రం ఉన్నదా? రిజిస్ట్రేషను జరిగినంత మాత్రాన కట్టడం సక్రమమని కాదు. అది ఎవరు ఎవరికి అమ్మినారో చెప్పును గాని, అక్కడ కట్టవచ్చునో లేదో చెప్పదు.

గోల్డెన్ కాయలోరం ప్రక్కనే, కొద్ది అడుగుల దూరంలో, ఒక చిన్న అంగన్‌వాడీ ఉన్నది. 17 అంతస్తుల భవనం కూలునప్పుడు ఆ పసిపిల్లల బడికి దెబ్బ తగులకుండ ఇంజనీర్లు ఎంతో మెలకువ తీసుకొన్నారు. దుమ్ము అణగిన తరువాత చూడగా, శిథిలాల సరసన ఆ బడి నిలిచియే ఉన్నది. కూల్చునాడు అడుగు అడుగునా కొలిచి చూచిన ఆ శ్రద్ధలో కొంత, 2006లో పంచాయతీ బల్ల మీద పటం విప్పినప్పుడే చూపి ఉంటే, అసలు కూల్చవలసిన అవసరమే కలిగేది కాదు.