స్టెంట్‌కు కార్డు ఉంది.. ఏడాది మాత్రకు? హైదరాబాద్ నుంచి ప్రపంచానికి వెళ్తున్న గుండె మందు, భద్రాచలం అడవి దాకా వెళ్లడంలో చిక్కెక్కడ?

అమెరికాలో సుంకాల మాట వినిపిస్తే చాలు.. హైదరాబాద్‌లో ఫార్మా షేర్లు ఊగిపోతాయి. 2025 సెప్టెంబరులో బ్రాండెడ్, పేటెంట్ మందులపై 100 శాతం సుంకం వేస్తామని ట్రంప్ ప్రకటించినప్పుడూ అదే జరిగింది. అయితే మన కంపెనీలు అమెరికాకు ఎక్కువగా పంపేది జెనరిక్ మందులే. ఆ ప్రకటనలో వాటి ప్రస్తావన లేదు. గుండెపోటు వచ్చినవాళ్లు రోజూ వేసుకునే యాంటీప్లేట్‌లెట్ మాత్రల్లో ఎక్కువ భాగం ఈ కోవలోనివే.

అంటే ప్రపంచ మార్కెట్‌లో ఈ మాత్రకు పెద్ద ఇబ్బంది లేనట్టే. మరి ఆ మాత్రలు తయారయ్యే హైదరాబాద్‌కు సుమారు 300 కిలోమీటర్ల దూరంలో, గోదావరి ఒడ్డున ఉన్న భద్రాచలం ఏజెన్సీ సంగతేంటి? అక్కడ లెక్క పూర్తిగా వేరు.

ముఖ్యాంశాలు:
• క్లోపిడోగ్రెల్ మాత్ర ఇప్పుడు మన దగ్గర పది రూపాయల లోపే
• ఆయుష్మాన్ భారత్‌లో డిశ్చార్జ్ తర్వాత మందులు 15 రోజులకే
• స్టెంట్ వేయించుకున్నవాళ్లు సాధారణంగా రెండు రకాల మాత్రలు నెలల తరబడి వాడాలి
• మూడు రాష్ట్రాల సరిహద్దులో, వరద సీజన్‌లో ఆ గొలుసు తెగకుండా చూడటమే అసలు సవాల్

అసలు ఏంటీ మాత్ర?

రక్తంలో ప్లేట్‌లెట్లు అనే చిన్న కణాలుంటాయి. గాయమైతే అవి ఒకదానికొకటి అతుక్కుని రక్తస్రావాన్ని ఆపుతాయి. అదే పని గుండె రక్తనాళం లోపల జరిగితే గడ్డ ఏర్పడుతుంది, గుండెపోటు వస్తుంది. ఆ అతుక్కునే గుణాన్ని తగ్గించేవే యాంటీప్లేట్‌లెట్ మందులు. జనం వీటిని 'రక్తం పలచబడే మాత్రలు' అంటుంటారు. నిజానికి రక్తం పలచబడదు, గడ్డకట్టే వేగం తగ్గుతుందంతే.

వీటిలో పెద్దన్న ఆస్పిరిన్. 1988లో వచ్చిన ఐసిస్-2 అధ్యయనంలో 17,187 మందిని పరిశీలించారు. గుండెపోటు అనుమానం ఉన్నవాళ్లకు నెల రోజులు ఆస్పిరిన్ ఇస్తే, తొలి ఐదు వారాల్లో గుండె, రక్తనాళాల సమస్యలతో సంభవించే మరణాలు 23 శాతం తగ్గాయి. పైసల్లో దొరికే మాత్ర సాధించిన ఫలితం ఇది!

తర్వాత వచ్చింది క్లోపిడోగ్రెల్. ఆస్పిరిన్‌కు దీన్ని జత చేస్తే మరింత మేలని 2001లో 12,562 మందిపై జరిగిన క్యూర్ అధ్యయనం తేల్చింది. ఆ తర్వాతి తరంలో ప్రసుగ్రెల్, టికాగ్రెలార్ వచ్చాయి.

2012 మే 17: ఆ రోజు ఏం జరిగింది?

ప్లావిక్స్ పేరుతో క్లోపిడోగ్రెల్‌ను అమ్మింది సనోఫీ, బ్రిస్టల్-మైర్స్ స్క్విబ్ కంపెనీలు. ఒక దశలో ప్రపంచంలో అత్యధికంగా అమ్ముడుపోయే మందుల్లో ఇది రెండో స్థానంలో ఉంది. 2011లో ఒక్క బ్రిస్టల్-మైర్స్ లెక్కల్లోనే దీని అమ్మకాలు 700 కోట్ల డాలర్లు దాటాయి.

2012 మే 17న అమెరికాలో పేటెంట్ ముగిసింది. అదే రోజు అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ పలు జెనరిక్ కంపెనీలకు ఒకేసారి గేట్లు తెరిచింది. ఆ జాబితాలో హైదరాబాద్ కంపెనీలు రెండు.. డాక్టర్ రెడ్డీస్, అరబిందో. ఒక్కసారిగా పోటీ పెరగడంతో ధర కుప్పకూలింది.

మన దేశంలో మాత్రం ఈ మందు అంతకన్నా చాలా ముందే చౌకగా దొరికింది. కారణం 1970 నాటి పేటెంట్ చట్టం. మందుకు కాకుండా తయారీ విధానానికి మాత్రమే పేటెంట్ ఇవ్వడంతో, మన కంపెనీలు వేరే పద్ధతిలో అదే మందును తయారు చేశాయి. 2005లో చట్టం మారేనాటికే హైదరాబాద్ బల్క్ డ్రగ్ రాజధానిగా ఎదిగింది. ఇక్కడి ఐడీపీఎల్‌లో పనిచేసిన కల్లం అంజిరెడ్డి 1984లో డాక్టర్ రెడ్డీస్‌ను స్థాపించారు.

టికాగ్రెలార్‌దీ ఇప్పుడు అదే దారి. 2025లో అమెరికాలో దాని జెనరిక్‌లు మార్కెట్‌లోకి వచ్చాయి.

చౌక సరే.. నాణ్యత మాటేంటి?

ధర తగ్గేకొద్దీ నిఘా పెరగాలి. 2010 మార్చిలో యూరప్ ఔషధ సంస్థ కొన్ని క్లోపిడోగ్రెల్ బ్యాచ్‌లను వెనక్కి తీసుకోవాలని సిఫార్సు చేసింది. వాటి ముడి మందు తయారైంది విశాఖపట్నంలోని గ్లోచెమ్ ఇండస్ట్రీస్ ప్లాంటులో. తయారీ ప్రమాణాలు పాటించలేదని తనిఖీల్లో తేలింది. రోగులకు హాని జరిగిన ఆధారాల్లేవని, ఇది ముందుజాగ్రత్త మాత్రమేనని ఆ సంస్థ చెప్పింది. అయినా సరే, ఒక్క ప్లాంటు తప్పు ఒక ఖండాన్ని ఎలా కదిలిస్తుందో అప్పుడు తెలిసొచ్చింది.

ఇంకో బలహీనత చైనా. ముడి మందుల దిగుమతుల్లో సింహభాగం అక్కడి నుంచే. ఈ ఆధారపడటం తగ్గించడానికి కేంద్రం 2020లో రూ.6,940 కోట్లతో ప్రోత్సాహక పథకం తెచ్చింది. ఆ జాబితాలో ఆస్పిరిన్ కూడా ఉందంటే పరిస్థితి అర్థం చేసుకోవచ్చు.

హవాయి కేసుతో మనకేం పని?

చాలా పని ఉంది. క్లోపిడోగ్రెల్ కడుపులోకి వెళ్లగానే పనిచేయదు. కాలేయంలోని ఒక ఎంజైమ్ దాన్ని మార్చాకే పని మొదలవుతుంది. జన్యుపరంగా ఆ ఎంజైమ్ బలహీనంగా ఉన్నవాళ్లలో మందు ప్రభావం తగ్గుతుంది. ఎఫ్‌డీఏ 2010లో దీనిపై ప్రత్యేక హెచ్చరిక పెట్టించింది.

ఆసియా, పసిఫిక్ దీవుల మూలాలున్న జనం ఎక్కువగా ఉండే హవాయి రాష్ట్రం, ఈ విషయాన్ని కంపెనీలు సరిగా చెప్పలేదంటూ కోర్టుకెళ్లింది. 2021లో 83 కోట్ల డాలర్లకు పైగా జరిమానా పడింది. 2023లో పై కోర్టు దాన్ని పక్కనపెట్టి మళ్లీ విచారించమంది. 2024 మేలో మళ్లీ తీర్పొచ్చింది.. ఈసారి 91 కోట్ల డాలర్లకు పైగానే. కంపెనీలు మాత్రం ఆరోపణలను ఒప్పుకోలేదు.

దక్షిణాసియా ప్రజల్లోనూ ఈ జన్యు తేడా గణనీయంగా ఉందని పరిశోధనలు చెబుతున్నాయి. అలాగని ఎవరూ భయపడి మాత్ర మానేయకూడదు. అనుమానం ఉంటే డాక్టర్ వేరే మందుకు మారుస్తారు. టికాగ్రెలార్‌కు ఆ కాలేయ ఎంజైమ్‌తో పనిలేదు. కానీ రోజుకు రెండుసార్లు వేసుకోవాలి, ధరా ఎక్కువే.

భద్రాచలం దగ్గర లెక్క ఎందుకు మారుతోంది?

మ్యాప్ చూస్తే విషయం తెలుస్తుంది. 2014లో ఏడు మండలాల భూభాగం ఆంధ్రప్రదేశ్‌లో కలిశాక భద్రాచలం పట్టణం దాదాపు ఒక ద్వీపంలా మిగిలింది. పట్టణం తెలంగాణలో, పక్కనే ఉన్న ఎటపాక ఆంధ్రాలో. ఇంకాస్త ముందుకెళ్తే కుంట.. అది ఛత్తీస్‌గఢ్. ఇన్ని ప్రాంతాల ఆదివాసీలకు భద్రాచలం ఏరియా ఆసుపత్రే దగ్గరి దిక్కు. క్యాథ్ ల్యాబ్ కావాలంటే వంద కిలోమీటర్లకు పైగా ప్రయాణించి ఖమ్మం చేరాలి.

కార్డుల సంగతి చూద్దాం. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో రూ.10 లక్షలకు పెంచారు. కానీ అది ఈ రాష్ట్రం వాళ్లకే. ఎటపాక, చింతూరు వాళ్లది ఆంధ్రా పథకం. కుంట వైపు నుంచి వచ్చేవాళ్లకు ఆయుష్మాన్ భారత్ కార్డు ఉంటే, గుర్తింపు పొందిన ఆసుపత్రిలో ఏ రాష్ట్రంలోనైనా చేరొచ్చు. అడవిలో గుడిసెలు వేసుకున్న వలస గుత్తికోయల్లో చాలామందికి అసలు కాగితాలే ఉండవు.

సరే, కార్డు పనిచేసి స్టెంట్ పడిందనుకుందాం. తర్వాత? ఆయుష్మాన్ భారత్‌లో డిశ్చార్జ్ తర్వాత 15 రోజుల మందులే వస్తాయి. గుండెపోటు తర్వాత స్టెంట్ వేస్తే రెండు రకాల మాత్రలు సాధారణంగా ఏడాది పాటు వాడాలి. మధ్యలో ఆపితే స్టెంట్‌లో గడ్డకట్టే ముప్పు ఉంటుంది. ఆరోగ్యశ్రీలో కొన్ని గుండె చికిత్సలకు ఏడాది ఫాలోఅప్ ప్యాకేజీ ఉన్నా, దానికోసం మళ్లీ ఆసుపత్రి మెట్లెక్కాలి. చర్ల అవతలి గూడెం నుంచి ఖమ్మానికి ఒక ట్రిప్పు అంటే బస్సు ఛార్జీలు, రెండు రోజుల కూలి పోయినట్టే. మాత్ర పది రూపాయల లోపే కావచ్చు. దాన్ని తెచ్చుకునే ఖర్చు మాత్రం వందల్లో ఉంటుంది.

దీనికి తోడు వరద. 2022 జూలైలో భద్రాచలం వద్ద గోదావరి 71 అడుగులు దాటింది. మూడో ప్రమాద హెచ్చరిక స్థాయి 53 అడుగులే! రోడ్లు మునిగి ఊళ్లు తెగిపోయినప్పుడు, నెలకోసారి తెచ్చుకునే మాత్రల షీట్ అయిపోతే పరిస్థితి ఏంటి?

జ్వరాల సీజన్‌లో డబుల్ రిస్క్

వానాకాలం అంటే ఏజెన్సీలో మలేరియా, డెంగీ. డెంగీలో ప్లేట్‌లెట్లు పడిపోతాయి. అదే సమయంలో వాటిని అడ్డుకునే మాత్ర వాడుతుంటే రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. అలాగని సొంతంగా ఆపేస్తే స్టెంట్‌కు ప్రమాదం. ఏది చేయాలో రక్తపరీక్ష చూసి డాక్టరే తేల్చాలి. ఒళ్లునొప్పులకు ఊళ్లో ఇచ్చే ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలూ ప్రమాదమే. వీటిని ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్‌తో కలిపితే కడుపులో రక్తస్రావం కావచ్చు. గ్యాస్‌కు వాడే ఒమెప్రజోల్ కూడా క్లోపిడోగ్రెల్ ప్రభావాన్ని తగ్గిస్తుంది. కాబట్టి జ్వరం వచ్చినా, నొప్పి వచ్చినా 'నేను గుండె మాత్ర వాడుతున్నా' అని ముందే చెప్పాలి.

మరి పరిష్కారం ఏంటి?

కొత్త మందు కనిపెట్టాల్సిన పనిలేదు. మందు పంపే పద్ధతి మారాలి.

• జూన్ రాకముందే సరిహద్దు మండలాల గుండె రోగులకు మూడు నెలల మాత్రలు ఒకేసారి ఇవ్వడం. వరద వచ్చినా కోర్సు తెగదు.
• ఏ రాష్ట్రం కార్డు అని చూడకుండా దగ్గరి పీహెచ్‌సీలోనే ఫాలోఅప్ మాత్రలు అందించడం. ఖర్చు రాష్ట్రాలు తర్వాత సర్దుకోవచ్చు.
• ఛాతీనొప్పితో వచ్చినవాళ్లకు పీహెచ్‌సీలోనే ఈసీజీ తీసి, డాక్టర్ సలహాతో మొదటి డోసు ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ ఇచ్చాకే అంబులెన్స్ ఎక్కించడం.
• రోగి ఏ మాత్ర, ఎప్పటివరకు వాడాలో తెలుగులో, కోయ మాట్లాడే ఆశా కార్యకర్త వివరించగలిగేలా ఒక చిన్న కార్డు ఇవ్వడం.

గడ్డను కరిగించే టెనెక్టెప్లేస్ ఇంజెక్షన్‌ను ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా ఇచ్చే కార్యక్రమాన్ని ఆంధ్రప్రదేశ్ 2023 సెప్టెంబరులో మొదలుపెట్టింది. వేల రూపాయల ఇంజెక్షన్‌కే దారి దొరికినప్పుడు, పది రూపాయల లోపు మాత్రకు దొరకదా?

అమెరికా సుంకాలు రేపు పెరగొచ్చు, తగ్గొచ్చు. హైదరాబాద్ కంపెనీలు ఆ సంగతి చూసుకుంటాయి. వాళ్లకు లాయర్లున్నారు, లెక్కలు వేసేవాళ్లున్నారు. భద్రాచలం అడవిలో పదహారో రోజున మాత్రలు అయిపోయిన రోగికి మాత్రం అడగడానికి ఎవరున్నారన్నదే ఇప్పుడు మూడు ప్రభుత్వాల ముందున్న ప్రశ్న.