వాటా సరే, మాటేది?

దసరా వస్తున్నదంటే సింగరేణిలో ఒకటే ముచ్చట. ఈసారి లాభాల్ల వాటా ఎంత? విస్తరణ పెట్టుబడులు తీసేసినంక మిగిలిన లాభంలో 2024లో 33 శాతం, 2025లో 34 శాతం ప్రకటించిన్రు. 2025లో ఒక్కో పర్మినెంట్ కార్మికునికి సగటున లక్షా 95 వేల రూపాయలు. సంతోషమే. చెమటోడ్చినోనికి దక్కాల్సిందే. కానీ పైసలిస్తే చాలు, కార్మికుడు ప్రాణం పెట్టి పనిచేస్తడనుకుంటే అది సగం నిజమే.

మిగతా సగం ఏంది? 2011 సకల జనుల సమ్మె యాది చేసుకోండ్రి. వారాల తరబడి కార్మికులు బాయి దిగలే. దసరా కూడా సమ్మెలనే గడిచింది. ఏ బోనసు చూసి చేసిన్రు? కొట్లాట మనది, నిర్ణయం మనది అనుకున్నరు కాబట్టే చేసిన్రు.

బొగ్గు తీసే పనికీ ఇదే లెక్క. కప్పు ఎక్కడ పగులుతున్నదో, గాలి ఎక్కడ ఆడుతలేదో, ఏ మిషన్ ఊకె ఆగుతున్నదో ముందుగాల తెలిసేది కార్మికునికే. అందుకే గనుల్ల రక్షణ కమిటీలు, కార్మికుల తరఫు ఇన్‌స్పెక్టర్లు ఉండాలని నిబంధనల్లోనే రాసిన్రు. యాజమాన్యంలో కార్మికుల భాగస్వామ్యం ఉండాలని 1976లో 42వ సవరణతో రాజ్యాంగంలో 43ఎ అధికరణం చేర్చిన్రు. అది ఆదేశిక సూత్రం, కోర్టుకు పోయి గెలుచుకునే హక్కు కాదు. అందుకే అడిగి సాధించుకోవాలె.

మీటింగు పెట్టి, చాయ్ తాగించి, సంతకం తీసుకుంటే భాగస్వామ్యం కాదు. కార్మికుడు చెప్పిన మాట మీద ఏం చేసిన్రో మళ్ల వచ్చి చెప్పాలె. లేకుంటే రెండోసారి ఎవడూ నోరు తెరవడు. నోరు తెరవకుంటే ముందు మిషన్ ఆగుతది, తర్వాత టన్నులు తగ్గుతయి, ఆఖరికి పానాలు పోతయి.

కాంట్రాక్టు కార్మికుల సంగతి ఇంకా అన్యాయం. 2024లో మొదటిసారి వాళ్లకు 5 వేలు ఇచ్చిన్రు, 2025లో 5,500. అదే దుమ్ము, అదే ప్రమాదం. ఒకరికి లక్షలు, ఒకరికి వేలు. సరైన వాటా లేదు, అడిగే మాటా లేదు. ఇగ మనసు పెట్టి పని చేయమని ఏ మొఖంతోటి అడుగుతరు?

యూనియన్లు శాతం కోసం కొట్లాడాలె. దాంతోపాటు రక్షణ కమిటీ తీర్మానాలు, వాటి మీద తీసుకున్న చర్యలు ప్రతి బాయి నోటీసు బోర్డు మీద పెట్టాలని, కాంట్రాక్టు కార్మికునికి ఆ కమిటీల కుర్చీ వేయాలని కూడా అడగాలె. వాటా ఏడాదికొక్కసారి వస్తది. మాట మూడు షిఫ్టులూ కావాలె.