ప్రతిమ ఎవరిది?

దేవుడు నరుణ్ణి తన స్వరూపంలో చేశాడన్న ఆదికాండం మాటకు ప్రసంగీకులు తరచు చెప్పే అర్థం ఒకటి ఉంది: మనిషికి ఆత్మ ఉంది, బుద్ధి ఉంది, అదే దైవస్వరూపం. ఎవరి జమాఖర్చునూ కదిలించని వ్యాఖ్య! దీనిని నేను ఒప్పుకోను.

ముందు మాట సంగతి. తెలుగు బైబిలు "స్వరూపము" అన్నది. వేదాంతం మరిగిన మన చెవికి అది తత్త్వం, నిజస్థితి. హీబ్రూ మూలంలోని "త్సెలెం" అంత సూక్ష్మమైనది కాదు. చెక్కి నిలబెట్టిన విగ్రహం. పాత నిబంధన పగలగొట్టమన్న విగ్రహాలకూ ఇదే మాట. 1979లో సిరియాలోని తెల్ ఫెకెరియే వద్ద ఒక పాలకుని శిల్పం దొరికింది. దాని మీది అరమాయిక్ శాసనం "స్వరూపం", "పోలిక" అన్న రెండు మాటలనూ ఆ రాతిబొమ్మకే వాడింది.

ఆ దేశాలలో దేవుని ప్రతిమ ఎవరు? రాజు. తుత్‌అంఖ్‌అమూన్ అన్న పేరుకే అమూన్ దేవుని సజీవ ప్రతిమ అని అర్థం. అస్సీరియా ఆస్థానంలోనూ ఇదే స్తోత్రం. ఆదికాండం ఆ బిరుదును సింహాసనం మీదినుంచి దించి ఆడా మగా అందరికీ పంచింది. తొమ్మిదో అధ్యాయంలో నరహత్య కూడదనడానికీ ఈ కారణమే చూపింది. హంతకుడు చంపేది ఆత్మను కాదు గదా, ఒంటిని!

ఈ పంపకాన్ని మరుగుపరచినవారిలో పెద్దవాడు అగస్టీను. త్రిత్వాన్ని గురించిన గ్రంథంలో ప్రతిమను జ్ఞాపకం, అవగాహన, సంకల్పం అనే మూడింటిలో పెట్టి తలుపు వేశాడు. సహాయకురాలిగా విడిగా చూస్తే స్త్రీ ప్రతిమ కాదు, భర్తతో కలిపితేనే అన్నాడు. బానిసత్వం పాపానికి శిక్ష అని "దైవనగరం"లో వ్రాశాడు. ప్రతిమ లోపలికి పోయాక బయటి సంకెల ఎవరికి పట్టింది?

కాలం అలాంటిది అని ఆయనను వెనకేసుకు వచ్చేవారున్నారు. ఆయనకంటె ముందే పుట్టిన నిస్సా గ్రెగొరీ, ప్రసంగి గ్రంథం మీది నాలుగో ఉపన్యాసంలో, దేవుని ప్రతిమకు ఎంత వెల కట్టావని బానిసల యజమానిని నిలదీశాడు. అదీ ఆ శతాబ్దమే.

మనకెందుకీ గొడవ అనవచ్చు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. అత్యధికులు మాదిగలు. గుడిలో విగ్రహాన్ని కంటితో చూడనివ్వని మనుషులు. మీరే విగ్రహమని చెప్పే మాట ఆ పుస్తకంలో ఉంది. తెలుగులో వారికది "స్వరూపము"గా అందింది.