కనిపించని చమురు

తెలుగువారి వాడుకలో దీపానికి మరణం లేదు. ఆరిపోయిన దీపాన్ని 'కొండెక్కింది' అనీ, 'ఘనమైంది' అనీ అంటారే తప్ప ఆరిపోయిందని పెద్దలు పలకరు. సాయంసంధ్యను 'దీపాలు పెట్టే వేళ' అంటారు. ఇంతటి గౌరవానికి నోచుకొన్న దీపాన్ని పూర్వులు ఎంత పొదుపుగా వాడుకొన్నారో గమనింపదగిన విషయం. ప్రమిదలో చమురు ఎంత మిగిలిందో కంటికి కనిపించేది. వత్తిని ఎగదోస్తే వెలుగు పెరిగేది, చమురు తరిగేది. కిరసనాయిలు లాంతరు వచ్చిన తరువాత కూడా ఈ క్రమం మారలేదు. పిల్లవాడి చదువు ముగియగానే తల్లి వచ్చి లాంతరు వత్తిని తగ్గించేది. బుడ్డికి మసి పట్టితే ముగ్గుపొడితో తుడిచి, ఉన్న నూనెతోనే ఎక్కువ వెలుగు రాబట్టేది. ఆమెను పిసినారి అని ఎవరూ అనలేదు. ఖర్చు కంటి ఎదుట జరుగుతున్నప్పుడు పొదుపు దానంతటదే అలవడుతుంది.

విద్యుద్దీపం ఈ సంబంధాన్ని తెంచివేసింది. మీట నొక్కితే వెలుగు వస్తుంది. దాని వెనుక కరిగిపోయే చమురు ఎక్కడ ఉన్నదో ఇంట్లోవారికి తెలియదు. నెలకు ఒకసారి బిల్లు వచ్చిన రోజున మాత్రమే అది ఒక అంకెగా దర్శనమిస్తుంది. అప్పటికి చమురు ఎప్పుడో ఇంకిపోయి ఉంటుంది.

ఆ కనిపించని చమురు జాడ వెదకడానికి చోడవరం ప్రాంతంవారు ఎంతో దూరం పోనక్కరలేదు. లోగడ విశాఖపట్నం జిల్లాలో భాగమై, 2022 ఏప్రిల్ 4 నుండి అనకాపల్లి జిల్లాలో చేరిన ఈ పట్టణానికి ఆగ్నేయ దిశలో, సముద్రతీరానికి చేరువగా పరవాడ ఉన్నది. అక్కడ ఎన్‌టీపీసీ సంస్థవారి సింహాద్రి థర్మల్ విద్యుత్కేంద్రం 2000 మెగావాట్ల సామర్థ్యంతో పనిచేస్తున్నది. ఒడిశాలోని తాల్చేరు గనుల నుండి బొగ్గు రైళ్ల మీద తరలివచ్చి అక్కడ బూడిద అవుతుంది. వాయవ్యంగా కొండల్లోకి పోతే మాచ్‌ఖండ్, సీలేరు జలవిద్యుత్కేంద్రాలు ఉన్నాయి. ఇవన్నీ ఒకే విద్యుత్ జాలంలో కలుస్తాయి గనుక ఫలానా ఇంటి దీపం ఫలానా బొగ్గుతో వెలిగిందని విడదీసి చెప్పలేము. అయినా బొగ్గుతో ఒక యూనిట్ విద్యుత్తు తయారు కావాలంటే అరకిలోకు పైగా బొగ్గు కాలవలసిందే. తీగల వెంట ప్రయాణంలో కొంత నష్టపోగా మిగిలినదే ఇంటికి చేరుతుంది.

ఇంత శ్రమతో చేరిన విద్యుత్తును పాత బల్బు ఏమి చేసేది? లోపలి సన్నని లోహపు తీగను ఎర్రగా, తెల్లగా కాల్చి ఆ వేడి నుండి కాస్త వెలుగును పుట్టించేది. అది తీసుకొన్న శక్తిలో వెలుగుగా మారేది నూటికి అయిదు పాళ్లకు అటూ ఇటూ మాత్రమే, తక్కినదంతా వేడి. చోడవరం చుట్టుపట్ల బెల్లం వండే రైతుకు ఈ లెక్క చెబితే నవ్వుతాడు. అతడు చెరకు రసాన్ని పెనంలో పోస్తాడు; రసం తీయగా మిగిలిన పిప్పిని ఎండబెట్టి అదే పెనం కింద మంట పెడతాడు. ఆ గానుగ దగ్గర వృథా అయ్యేది స్వల్పం. అదే రైతు ఇంట్లో రాత్రి వెలిగే బల్బు మాత్రం రసాన్ని నేలపాలు చేసి చుక్కను దాచుకొన్నట్లుగా పనిచేసింది. తప్పు రైతుది కాదు. అతనికి అందుబాటులో ఉన్న దీపం అదొక్కటే.

ఈ చిక్కును విడదీయడానికి జరిగిన ప్రయత్నాలలో తొలివరుసలో నిలిచినది విశాఖపట్నం జిల్లాయే. జర్మనీకి చెందిన ఓస్రాం సంస్థ, తూర్పు ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ తోడ్పాటుతో, పాత బల్బు తీసుకొని సీఎఫ్ఎల్ దీపాన్ని ఇచ్చే పథకాన్ని ఇక్కడ చేపట్టింది. 2009లో అది ఐక్యరాజ్యసమితి వాతావరణ ఒప్పందం కింద నమోదయింది. అదే ఏడాది కేంద్ర ఇంధన సామర్థ్య సంస్థ 'బచత్ లాంప్ యోజన' పేరుతో సీఎఫ్ఎల్ దీపాన్ని పదిహేను రూపాయలకే ఇచ్చే ఏర్పాటును దేశానికి పరిచయం చేసింది. ఇందులోని మెలకువ ధరలో ఉన్నది. సీఎఫ్ఎల్ తన ఖరీదును కొన్ని నెలల్లోనే తిరిగి రాబడుతుందని చదువుకొన్నవారు లెక్క కట్టి చెప్పగలరు. కాని రోజు కూలి మీద బతికే ఇల్లాలికి ఆ కొన్ని నెలల ముందు ఈ సాయంత్రం ఉన్నది. చేతిలో ఉన్న డబ్బుకు వచ్చే బల్బునే ఆమె కొంటుంది. పేదవాడు అజ్ఞానం వల్ల విద్యుత్తును వృథా చేస్తున్నాడనే మాట ఎంత అన్యాయమో ఈ పథకాలు రుజువు చేశాయి. ధర అందుబాటులోకి రాగానే జనం కొత్త దీపాన్ని స్వీకరించారు.

సీఎఫ్ఎల్ రాజ్యం ఎక్కువ కాలం సాగలేదు. నీలి కాంతినిచ్చే ఎల్ఈడీని కనుగొన్నందుకు అకసాకి, అమానో, నకమురా అనే ముగ్గురు శాస్త్రవేత్తలకు 2014లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. ఆ నీలి కాంతి నుండే ఇళ్లలో వాడదగిన తెల్లని ఎల్ఈడీ వెలుగు సాధ్యమయింది. 'గోరంత దీపం కొండంత వెలుగు' అనే నానుడి ఈ దీపానికి అక్షరాలా సరిపోతుంది. ఆ సంవత్సరమే అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ తీరాన్ని తాకింది. స్తంభాలు కూలి, తీగలు తెగి నగరమూ చుట్టుపక్కల పల్లెలూ చీకటిలో మునిగిపోయాయి. ఆ విపత్తు తరువాత విశాఖ నగరంలో తొంభై వేలకు పైగా వీధిదీపాలను ఎల్ఈడీలుగా మార్చారు. 2014 చివరలోనే గుంటూరు, అనంతపురం, శ్రీకాకుళం, పశ్చిమ గోదావరి జిల్లాల్లో పాత బల్బులకు మారుగా ఇంటికి రెండేసి ఎల్ఈడీ దీపాలను ఒక్కొక్కటి పది రూపాయలకు పంచడం మొదలుపెట్టారు. 2015 జనవరి 5న ఈ పథకం దేశమంతటికీ విస్తరించి, తరువాత 'ఉజాలా' అనే పేరు పొందింది. ప్రభుత్వరంగ సంస్థ ఒకేసారి కోట్ల సంఖ్యలో కొనుగోలు చేయడంతో, 2014లో 310 రూపాయలున్న దీపం కొనుగోలు ధర 2016 నాటికి 38 రూపాయలకు దిగివచ్చింది. ఇప్పటికి 36 కోట్లకు పైగా దీపాలు ఈ పథకం ద్వారా జనానికి చేరాయి.

దీపం మార్చినందువల్ల ఒక ఇంటికి కలిగే లాభమెంత? 60 వాట్ల పాత బల్బు రోజుకు అయిదు గంటలు వెలిగితే నెలకు 9 యూనిట్లు ఖర్చవుతాయి. దాదాపు అంతే వెలుగునిచ్చే 9 వాట్ల ఎల్ఈడీకి నెలకు ఒకటిన్నర యూనిట్ కూడా పట్టదు. నాలుగు బల్బులున్న ఇంట్లో నెలకు 30 యూనిట్లు మిగులుతాయి. అటువంటి నూరిళ్లున్న పల్లెలో నెలకు 3000 యూనిట్లు. అంటే ఒకటిన్నర టన్నులకు పైగా బొగ్గు కాలకుండా భూమిలోనే ఉండిపోతుంది. వాడకం పెరిగేకొద్దీ యూనిట్ ధర కూడా పెరిగే శ్లాబుల పద్ధతి ఉన్నందున, ఆ 30 యూనిట్లు ఒక కుటుంబాన్ని పై శ్లాబులోకి పోకుండా ఆపగలవు. సామాన్యుడి ఇంటికి ఇది చిన్న విషయం కాదు.

అయితే ఈ మార్పు మీద వినవచ్చే అభ్యంతరాలను తోసిపుచ్చడం ధర్మం కాదు. సీఎఫ్ఎల్‌లో కొద్ది మిల్లీగ్రాముల పాదరసం ఉంటుంది. విద్యుత్తు ఆదా అవుతుందని ఇంటింటికీ పంచిన దీపం పగిలిన తరువాత ఎక్కడికి పోవాలన్న ప్రశ్నకు పల్లెల్లో సమాధానం దొరకలేదు. ఈ-వ్యర్థాల జాబితాలోకి ఆ దీపాలను తెచ్చిన నిబంధనలు 2016లో గాని రాలేదు. ఒక మేలును తలపెట్టేవారు దాని వెంట వచ్చే కీడును కూడా ముందుగానే ఊహించాలన్నది ఇందులోని గుణపాఠం. ఈ విషయంలో ఎల్ఈడీ మేలైనది. దానిలో పాదరసం లేదు. కాని నాణ్యత చూడక సంతలో చవకగా దొరికేదాన్ని కొంటే అది ఆరునెలలకే మూలపడుతుంది. నక్షత్రాల గుర్తునూ, హామీ కాలాన్నీ చూసి కొనడం వివేకం.

రెండవ అభ్యంతరం మరింత బలమైనది. నగరాల్లో ప్రకటనల పలకలు రాత్రంతా ధగధగలాడుతూ ఉండగా, నాలుగు బల్బుల ఇంటికి పొదుపు పాఠం చెప్పడం న్యాయమా? ధనిక దేశాల సంస్థలు తమ పొగను తగ్గించుకోవడానికి బదులుగా విశాఖ పల్లెల్లోని దీపాల వల్ల తగ్గిన కర్బనాన్ని కొనుక్కొని లెక్క సరిపెట్టుకొనే వీలు నాటి ఒప్పందంలో ఉన్నది. అది ఎంతవరకు సమంజసం? ఈ ప్రశ్నలు న్యాయమైనవే. ఎక్కువ వాడేవారి మీదనే ఎక్కువ బాధ్యత ఉండాలి. కాని పక్కవాడి దుబారా తన దుబారాకు సమర్థన కాజాలదు. పైగా, తన ఇంటి లెక్క తాను సరిచూసుకొన్నవాడికే నగరపు ధగధగలను ప్రశ్నించే అధికారం కలుగుతుంది.

అసలైన ప్రమాదం మరొకచోట పొంచి ఉన్నది. 1865లో జెవన్స్ అనే ఆంగ్ల ఆర్థికవేత్త ఒక వింతను బయటపెట్టాడు. తక్కువ బొగ్గుతో ఎక్కువ పని చేసే ఆవిరియంత్రాలు వచ్చిన తరువాత ఇంగ్లండులో బొగ్గు వాడకం తగ్గవలసింది పోయి పెరిగింది. పని చవక కావడంతో యంత్రాలు ఊరూరా వెలిశాయి. ఇళ్లలో నేడు కనిపిస్తున్నది ఇంచుమించు ఇదే. 'ఎల్ఈడీయే కదా, ఎంత కాలుతుంది' అన్న మాట వచ్చింది. ఒక దీపం ఉన్న గదిలో నాలుగు దీపాలు వెలిశాయి. అరుగు మీది దీపం తెల్లవారే దాకా వెలుగుతూనే ఉంటున్నది. దీపాల మీద ఆదా అయినది పంకాల దగ్గర చేజారుతున్నది. పాత పంకా 75 వాట్ల దాకా తీసుకొంటే కొత్త రకం 30 వాట్లతో తిరుగుతుంది. అయినా ఎవరూ లేని గదిలో తిరిగే పంకా ఏ రకమైనా దుబారాయే. ప్రభుత్వం బల్బును మార్చగలదు. మీట మీది వేలు ఇంటివారిది.

అందువల్ల నేటి గృహస్థుకు కావలసింది ప్రమిదలోని చమురును మళ్లీ కంటికి కనిపించేట్లు చేసుకోవడం. అందుకు సాధనం ప్రతి ఇంటి గోడ మీదనే ఉన్నది. ఎలక్ట్రానిక్ మీటరులో ఒక చిన్న ఎర్రదీపం మిణుకుమిణుకుమంటూ ఉంటుంది. ఎన్నిసార్లు మిణికితే ఒక యూనిట్ అవుతుందో మీటరు మీదనే ముద్రించి ఉంటుంది. అది 3200 అనుకొందాం. ఇంట్లోని మీటలన్నీ కట్టివేసి 60 వాట్ల బల్బు ఒక్కటే వెలిగిస్తే ఆ ఎర్రదీపం సుమారు 19 సెకన్లకు ఒకసారి మిణుకుతుంది. దాని స్థానంలో 9 వాట్ల ఎల్ఈడీ పెడితే రెండు నిమిషాలు దాటిన తరువాత గాని మిణకదు. భౌతికశాస్త్రం చదివే విద్యార్థి ఒక సాయంత్రం తన తల్లిదండ్రులను మీటరు ముందు నిలబెట్టి ఈ తేడా చూపగలిగితే, ఎన్ని ఉపన్యాసాలూ చేయలేని పని అది చేస్తుంది. ప్రతి ఆదివారమూ మీటరు అంకెను ఒక పుస్తకంలో రాసిపెట్టుకొంటే వారం వారం చమురు ఎంత ఇంకుతున్నదో ఇంటిల్లిపాదికీ తెలుస్తుంది.

'దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలి' అన్నది తరతరాలుగా వస్తున్న సామెత. వెలుగు ఉన్నంతలోనే పనులు ముగించుకోవాలన్నది దాని మొదటి అర్థం. గనుల్లో బొగ్గు ఉండగానే, నదుల్లో నీరు ఉండగానే వాటిని వాడుకొనే తీరును చక్కబెట్టుకోవాలన్నది ఈ కాలానికి అది చెప్పే అర్థం. లాంతరు వత్తిని తగ్గించిన ఆ తల్లికి వాట్ల లెక్క తెలియదు. వాట్ల లెక్క తెలిసిన ఆమె మనుమలు, గది విడిచి వెళ్లేటప్పుడు మీట కట్టివేస్తే చాలును.