సంఖ్యాబలమే సర్వాధికారమా?

ఎక్కువమంది కోరినదే న్యాయమనీ, ఎన్నికలలో గెలిచినవారు ఏమి చేసినా అదే ప్రజాస్వామ్యమనీ ఒక వాదన ఈనాడు మన ఉపఖండమంతటా బలంగా వినిపిస్తున్నది. రైల్వే, తపాలా ఉద్యోగులమైన మనం దీనిని రాజకీయ నాయకుల తగాదాగా భావించి ఊరుకోరాదు. చేతులెత్తి, లెక్కపెట్టి తీర్మానాలు చేసుకొనే సంప్రదాయం మన సంఘాలలోనూ ఉన్నది. మెజారిటీ నిర్ణయం విలువ ఎరిగిన మనకు, దాని హద్దు ఎక్కడో కూడా తెలిసి ఉండాలి. ఆ హద్దు చెరిగిపోతే ఏమవుతుందో పొరుగునే ఉన్న శ్రీలంక చరిత్ర చెబుతున్నది. తేయాకు తోటలలో మొదలైన ఆ కథ ఒక ప్రభుత్వ గుమాస్తా ఇంక్రిమెంటు దాకా వచ్చింది గనుక, మనం దానిని శ్రద్ధగా పరిశీలించవలసి ఉన్నది.

1948లో స్వతంత్రమైననాడు ఆ దేశం పేరు సిలోన్. దాని రాజ్యాంగంలో 29వ సెక్షన్ అని ఒకటుండేది. ఇతరులకు లేని భారాన్ని ఏ ఒక్క జాతి మీదగాని, మతం మీదగాని మోపే చట్టం పార్లమెంటు చేయరాదని దాని సారాంశం. రక్షణ కాగితం మీద ఉన్నది. అయినా ఆ ఏడాదే వచ్చిన పౌరసత్వ చట్టం, 1949లో ఎన్నికల చట్టానికి జరిగిన సవరణ కలిసి, తరతరాలుగా తోటలలో శ్రమిస్తున్న భారత సంతతి తమిళ కార్మికులలో అత్యధికుల పౌరసత్వాన్నీ, ఓటునూ హరించాయి. చట్టంలో ఎక్కడా వారి పేరు లేదు. తండ్రి తాతలు ఆ గడ్డమీద పుట్టినట్లు రుజువు చూపమన్నారు, అంతే! కాగితాలు లేని కూలీ ఏమి చూపగలడు? 1947 ఎన్నికలలో వారి సంస్థ 7 స్థానాలు గెలిచింది. 1952లో ఒక్కటీ లేదు. ఈ చట్టాలు చెల్లవన్న వాదనను 1953లో లండనులోని ప్రివీ కౌన్సిల్ తోసిపుచ్చింది.

పోయినవి కూలీల ఓట్లే గదా అని అనుకున్నవారు తమిళులలోనూ లేకపోలేదు. తమిళ కాంగ్రెస్ నాయకుడు పొన్నంబలం 1948లో మంత్రివర్గంలో చేరారు. అది సహించక చెల్వనాయకం బయటికి వచ్చి 1949లో ఫెడరల్ పార్టీ స్థాపించారు. తోట కార్మికుల గొంతు లేని ఆ పార్లమెంటులోనే 1956లో సింహళాన్ని ఏకైక అధికార భాషగా చేసే బిల్లు 66–29 ఓట్లతో నెగ్గింది. ఇప్పుడు వంతు గుమాస్తాలది. సింహళ పరీక్ష ప్యాసు కానివారికి ఇంక్రిమెంటు లేదన్నారు. కోడీశ్వరన్ అనే తమిళ గుమాస్తా ఆ పరీక్షకు కూర్చోలేదు. 1962లో ఆయన ఇంక్రిమెంటు ఆగింది. ఆయన కోర్టుకెక్కారు. 1964లో జిల్లా కోర్టు ఆయన పక్షాన తీర్పు చెప్పింది. జీతం కోసం ఉద్యోగి ప్రభుత్వంపై దావా వేయజాలడంటూ 1967లో సుప్రీంకోర్టు దానిని కొట్టివేసింది. దావా వేయవచ్చునని 1969లో ప్రివీ కౌన్సిల్ చెప్పి, భాషా చట్టం రాజ్యాంగబద్ధమా కాదా అన్న అసలు ప్రశ్నను తిరిగి అక్కడికే పంపింది. ఆ ప్రశ్నకు జవాబు రానేలేదు. 1972లో కొత్త రాజ్యాంగం వచ్చి 29వ సెక్షన్‌నే తొలగించింది.

ఇందులో కార్మికోద్యమం మరువరాని పాఠం ఒకటున్నది. 1956లో ఆ బిల్లును సమసమాజ పార్టీ గట్టిగా ఎదిరించింది. ఒకే భాష అంటే దేశం రెండవుతుందని ఆ పార్టీ నాయకుడు కాల్విన్ ఆర్. డిసిల్వా హెచ్చరించారు. అదే డిసిల్వా రాజ్యాంగ వ్యవహారాల మంత్రిగా 1972 రాజ్యాంగానికి సారథ్యం వహించారు! ప్రాథమిక హక్కుల అధ్యాయం చేర్చినా, సింహళ భాషకున్న స్థానం రాజ్యాంగంలోకే ఎక్కింది. 1987లో 13వ సవరణ తమిళాన్ని కూడా అధికార భాషగా ప్రకటించేనాటికి అంతర్యుద్ధం మొదలై నాలుగేళ్ళయింది. అది 2009 వరకు ఆగలేదు. తోటలలో మిగిలిన పౌరసత్వం లేనివారికి న్యాయం 2003 చట్టంతో గాని రాలేదు.

మైనారిటీ హక్కు పేరిట కొద్దిమంది ధనవంతులు సంస్కరణలను అడ్డుకోరా అని కొందరు సోదరులు ప్రశ్నించవచ్చు. న్యాయమైన ప్రశ్నే. 1971లో మన పార్లమెంటు రాజభరణాలను రద్దుచేసింది. అది సరైన పనే. అక్కడ పోయినది కొందరికే ఉన్న ప్రత్యేక భోగం. కోడీశ్వరన్ కోరినది అందరికీ ఉన్న ఇంక్రిమెంటు. భోగం వేరు, హక్కు వేరు. ఈ తేడా చూడక మైనారిటీ మాటెత్తినవారినందరినీ ఒకే గాట కట్టడం అధికారంలో ఉన్నవారికే లాభం.

మన రాజ్యాంగంలో ఈ హద్దు స్పష్టంగా గీసి ఉన్నది. 13వ అధికరణం ప్రకారం ప్రాథమిక హక్కులను హరించే చట్టం చెల్లదు. 32వ అధికరణం పౌరునికి సుప్రీంకోర్టు తలుపు తెరుస్తుంది. సవరణాధికారం ఉన్నా పార్లమెంటు రాజ్యాంగ మౌలిక స్వరూపాన్ని మార్చరాదని 1973లో కేశవానంద భారతి కేసులో తీర్పు వచ్చింది. ఇవన్నీ విలువైనవే. అయితే 29వ సెక్షన్ కూడా ఉండేది గదా! అక్షరాన్ని కాపాడేది ప్రజల అప్రమత్తత. 2019 జూలై 14న తపాలా శాఖ నియామక పరీక్షలో ప్రశ్నలు ఇంగ్లీషు, హిందీలలో మాత్రమే ఇచ్చారు. తమిళనాడు సభ్యులు రాజ్యసభలో నిలదీశారు. 16వ తేదీన మంత్రి ఆ పరీక్షను రద్దుచేసి, ప్రాంతీయ భాషలన్నింటిలో తిరిగి జరుపుతామని ప్రకటించవలసి వచ్చింది. రెండు రోజులలో తప్పు దిద్దబడినది ఎందువల్ల? నష్టపోయినవారికి ఓటున్నది, సభలో వారి గొంతు ఉన్నది. తోట కార్మికులకు మొదట తీసివేసినది సరిగ్గా దానినే.

కాబట్టి మన వైఖరి స్పష్టంగా ఉండాలి. ప్రభుత్వం ఎవరిదో, విధానం ఏదో, సంఘంలో సమ్మె తేదీ ఏదో మెజారిటీ నిర్ణయించవచ్చు. ఓడినవారు ఆ నిర్ణయానికి కట్టుబడాలి. కాని ఒక పౌరుని ఓటు, భాష, విశ్వాసం, సమాన వేతనం, అసమ్మతి తెలిపే హక్కు ఓటింగుకు పెట్టదగినవి కావు. ఈనాటి మైనారిటీ రేపు మెజారిటీ కాగలిగే దారి తెరిచి ఉన్నంతవరకే అది ప్రజాస్వామ్యం. మన శాఖలలో కొద్దిమందే ఉన్న కేటగిరీలవారి కోర్కెలు చర్చకు రాకుండానే పక్కకు పోతున్నాయా అని ప్రతి కార్యవర్గమూ పరిశీలించుకోవాలి. బయట, పౌరుల జాబితా నుండి ఎవరి పేర్లయినా మూకుమ్మడిగా తొలగించే ప్రయత్నం జరిగితే, వారు మన కేడరువారా, మన భాషవారా, మన మతంవారా అని విచారించకుండా మన సంఘాలు ముందుగా లేచి నిలబడాలని మేము కోరుతున్నాము.